సైకిల్ ట్యూబు ముక్క

ఈ బరువును ఇన్నేళ్లు ఎట్లా మోశానో నాకే తెలియదు. గొప్ప కోసం చెప్పడం లేదు. దించుకునే ధైర్యం లేక మోశాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియనక్కరలేదు. బంగారుపాళ్యంలో రోడ్డు పక్కన షెడ్డు పెట్టుకుని బండ్లు బాగుచేసే మనిషిని అనుకోండి, చాలు. నిన్న వేలూరు ఆసుపత్రిలో మునిరత్నం కుడికాలు తీసేశారు. ఇంక నావల్ల కాదు. ఎవరికో ఒకరికి చెప్పకపోతే పిచ్చెక్కేటట్టుంది.

మునిరత్నం అప్పట్లో జీపు డ్రైవరు. నాకంటే పెద్దవాడు, అన్నా అని పిలిచేవాణ్ణి. మామిడికాయల కాలం వస్తే పలమనేరు పక్క తోటల్లో కాయలు ఎత్తుకుని, మొగిలి ఘాటు దిగి, మా ఊరి గుజ్జు ఫ్యాక్టరీకి తోలేవాడు. ఒకరోజు పొద్దున్నే జీపును నా షెడ్డు ముందు ఆపాడు.

"కాలు తీసినా ఎంజను స్పీడు దిగడం ల్యాదప్పా. నిలబెట్టినా అరస్తానే ఉండాది, వొణకతా ఉండాది. కొంచెం సూడు," అన్నాడు.

నిజమే. నిలబడిన బండి ఎక్కడికో పరుగెత్తుతున్నట్టు అరుస్తోంది. మధ్యమధ్యలో తడబడుతోంది. నిలబడినప్పటి ఎంజను వేగాన్ని సరిచేసే ఐడిల్ స్క్రూ మొత్తం విప్పాను, తగ్గలేదు. ప్లగ్గులు తీసి తుడిచాను, తగ్గలేదు. కార్బురేటరు అడుగున నాలుగు చుక్కలు ఆయిలు వేస్తే ఎంజను గొంతు మారింది. అక్కడ ప్యాకింగ్ చిరిగి గాలి పీల్చుకుంటోంది. అట్ట కత్తిరించి కొత్త ప్యాకింగ్ వేశాను. వణుకు పోయింది, అరుపు పోలేదు. అప్పుడు కనబడింది అసలు సంగతి. యాక్సిలేటరు మీద కాలు తీసినప్పుడు కార్బురేటరులోని రేకును వెనక్కి లాగి మూసే స్ప్రింగు సాగిపోయి ఉంది. రేకు పూర్తిగా మూసుకోవడం లేదు.

కొత్త స్ప్రింగు చిత్తూరులో దొరుకుతుంది. పోయి తెచ్చి వేస్తే సాయంత్రమవుతుంది. అయితే ఆ రోజు తిరుపతిలో గంగమ్మ జాతర. వేషం కడతానని మొక్కుకుని ఉన్నాను. నా మనసు అప్పటికే తిరుపతి బస్సులో కూర్చుంది.

సైకిల్ ట్యూబును సన్నగా కోసి ఆ స్ప్రింగు చోట బిగించి కట్టాను. ఎంజను వేగం టక్కున దిగింది, మెత్తగా ఆడింది. మా పనిలో ఇది తప్పేమీ కాదు, ఊరు చేరేదాకా అందరమూ కడతాం. కట్టి, చెబుతాం. ఇది రబ్బరు, వేడికి తెగుతుంది, తెగితే కాలు తీసినా బండి పరుగు ఆగదు, లోడుతో ఘాటు దిగొద్దు అని చెబుతాం. నేను చెప్పలేదు. చెబితే మునిరత్నం బండి తీయడు. స్ప్రింగు తెమ్మని నన్ను చిత్తూరుకు తరుముతాడు.

"స్ప్రింగు మార్సినావా?" అని అడిగాడు.

"మార్సినాన్నా, కొత్తది," అన్నాను.

ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట! ఎవరు అనిపించారు నా చేత? ఎవరూ అనిపించలేదు. నేనే.

నేను ముఖానికి రంగు పూసుకుని తిరుపతి వీధుల్లో ఎగురుతున్నాను. వేషం కట్టినవాళ్లు అమ్మవారిని బూతులు తిట్టడం అక్కడి మొక్కు. నేనూ గొంతు పోయేదాకా తిట్టాను. ఆ తిట్లన్నీ నాకే తగలాలి. ఆ పొద్దే మొగిలి ఘాటు మలుపులో జీపు పల్లానికి దొర్లింది. మునిరత్నం దెబ్బలతో బయటపడ్డాడు. పక్కన కూర్చున్న మణి అక్కడికక్కడే పోయాడు. మణి అంటే మునిరత్నం బామ్మర్ది, ఆయన భార్య కమలమ్మకు ఒక్కగానొక్క తమ్ముడు.

మరునాడు బండిని పైకి లాగడానికి నన్నే పిలిచారు. చెవుల వెనక రంగు కూడా పోలేదు నాకు. అందరికంటే ముందు దిగి బానెట్ ఎత్తాను. ట్యూబు తెగి వేలాడుతోంది. పీకి చెట్లలోకి విసిరేశాను. తర్వాత చూడవచ్చిన బండ్ల ఇన్‌స్పెక్టరు, దెబ్బకు స్ప్రింగు ఎగిరిపోయిందనుకున్నాడు. అంతటితో ఆగి ఉంటే భయపడ్డానని సరిపెట్టుకునేవాణ్ణేమో. ఆగలేదు. చిత్తూరు ఆసుపత్రికి మునిరత్నాన్ని చూడబోయాను.

"నా కాలు బ్రేకు మిందే ఉండింది అప్పా. అయినా బండి లాగేసింది. నువ్వు సూసినావు గదా, బండిలో యాడన్నా తప్పుండిందా?"

"ఏమీ ల్యాదన్నా. బండి బాగుండింది."

"మరెందుకు లాగింది?"

"కంగారులో బ్రేకనుకోని యాక్సిలేటరు తొక్కేసుంటావు."

ఆయన తన కాలి వైపు చూశాడు. "అంతేనేమో అబ్బా," అన్నాడు.

తెగిన రబ్బరును దాచాను, అది పిరికితనం. కానీ తన కాలు తప్పు చేయలేదని తెలిసిన మనిషికి, కాదు నీ కాలే చేసిందని నమ్మించానే, దాన్ని ఏమంటారు? మీకు తెలిస్తే చెప్పండి, నాకు మాట దొరకడం లేదు. ఆ తర్వాత ఆయన స్టీరింగు ముట్టలేదు. ఫ్యాక్టరీ గేటు దగ్గర కావలి పనిలో చేరాడు. కమలమ్మ ఆయనకు అన్నం పెడుతుంది, మాట్లాడదు. ఆ ఇంట్లో ఇద్దరి మధ్య మాట లేకుండా చేసింది నేనని తెలిసీ, వాళ్ల వాకిట్లో కూర్చుని ఆమె ఇచ్చిన కాఫీ తాగి, ఊరుకోమ్మా, ఆయన కావాలని చేసినాడా అని ఆమెకు బుద్ధులు చెప్పి వచ్చేవాణ్ణి. ఛీ, నాదీ ఒక బతుకేనా!

ఈమధ్య ఆయనకు సుగరుతో కాలికి పుండు లేచింది. మందు పెట్టుకోలేదు. తీసేయాలని డాక్టర్లు చెప్పారని తెలిసి మొన్న వేలూరుకు పోయాను. ఈసారి చెప్పేయాలనే పోయాను, నమ్మండి. బస్సులో ఆ మాటలనే తిప్పితిప్పి అనుకుంటూ పోయాను. మంచం పక్కన కూర్చుని నోరు తెరవబోతే, ఆయనే నా చెయ్యి పట్టుకుని నవ్వాడు.

"నువ్వేడవద్దప్పా. మణిని సంపిన కాలే గదా, పోనీ. ఈ కాలు పోతే కమల నాతో ఒక మాటన్నా మాట్లాడతాదేమో."

నేను లేచి వచ్చేశాను. ఆ మాట విన్న తర్వాత కూడా నిజం చెప్పే మనిషి ఎవడైనా ఉంటాడేమో, నేను మాత్రం వాణ్ణి కాను.

ఇప్పుడు ఆ కాలు లేదు. ఆయనకు చెప్పినా దాన్ని తెచ్చి అతికించలేను. క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు, అది మీ చేతిలో లేదు. రాస్తుంటే ఊపిరి కొంచెం ఆడుతోంది. నోటితో ఇంతవరకు ఎవరికీ చెప్పలేని మాటను కనీసం కాగితం మీద పెడుతున్నాను. మణిని చంపింది ఆ కాలు కాదు. నేను.