మనోడే అని చెప్పేవాళ్లు లేక

మా మేనత్త పోయిందని మొన్న తెల్లారకముందే మామ ఫోన్ చేశాడు. "అత్త లేదు బిడ్డా" అన్నాడు, అంతే. నన్ను పెంచిన చేతులు ఆమెవి. ఆ చేతుల గురించే రాద్దామని కూర్చున్నాను. వాటి విషయంలోనే నేనేమీ చేయలేకపోయాను.

చేవెళ్ల దగ్గర వాళ్లకు చామంతి తోట ఉంది. చుట్టుపక్కల పొలాలు ఒక్కొక్కటే వెంచర్లయిపోయినా అత్త తోట వదల్లేదు. నేను మొయినాబాద్‌లో చదువుకున్న రోజుల్లో వాళ్లింట్లోనే ఉన్నాను. పూలు పొద్దున్నే మార్కెట్‌కు చేరాలి కాబట్టి మంచు ఆరకముందే తెంపడం మొదలయ్యేది. అదయ్యాక గట్టు మీద చాయ్. అత్త గ్లాసును రెండు అరచేతుల మధ్య పట్టుకుని ఎంతసేపటికీ తాగేది కాదు. చల్లారిపోతుందంటే, "చాయ్ తాగనీకె కాదే, పట్టుకోనీకె" అనేది.

అందరం నవ్వేవాళ్లం. అక్కడ పూలు తెంపే ఆడవాళ్లందరికీ పొద్దున వేళ్లు బిగుసుకునేవి మరి. ఎండెక్కితే వదిలేవి. అత్తకు మధ్యాహ్నమైనా వదలడం లేదని ఎవరూ పట్టించుకోలేదు, ఆమెతో సహా. మంచు పట్టిందని నూనె కాచి రాసుకునేది. కణుపులు ఉబ్బాక మొయినాబాద్‌లో కీళ్లవాతానికి రక్తపరీక్ష చేయించారు. లేదని వచ్చింది. తగ్గకపోతే మళ్లీ రమ్మని డాక్టరు చెప్పాడట. ఆ మాట ఎవరి చెవికీ ఎక్కలేదు, 'లేదు' అన్నదొక్కటే ఎక్కింది. మామ ఆ సంతోషంలో మిఠాయి కూడా తెచ్చాడు. ఆ ఒక్క పరీక్షలో కనబడకపోయినా ఆ కీళ్లవాతం, అంటే రుమటాయిడ్ ఆర్థరైటిస్, ఉండొచ్చని వాళ్లకు తెలిసేసరికి ఏళ్లు గడిచాయి, అత్త వేళ్లు పక్కకు ఒరిగాయి.

ఇప్పుడు నేను పని చేసేది సరిగ్గా ఇలాంటి రక్తపరీక్షల మీదే. ఇంతకన్నా వెక్కిరింపు ఏముంటుంది? ఒకసారి తోటలో కూర్చుని అత్తకు వివరంగా చెప్పాను. కీళ్లలో ఎముకల చివర ఉండే మెత్తటి పొరను కొల్లాజెన్ అనే ప్రోటీన్ గట్టిగా పట్టి ఉంచుతుందని, వాపు వచ్చిన చోట దాని రూపం కొంచెం మారుతుందని, ఒంటికి కాపలా కాయాల్సిన యాంటీబాడీలు కొందరిలో ఆ మారినదాన్ని పరాయిదనుకుని మీద పడతాయని.

అత్త తన వేళ్లకేసి చూసుకుంది. "అంటే అంగీ మార్చుకొని వచ్చిండని ఇంటోన్నే దొంగ అని కొట్టినట్టా?"

"అట్లనే అత్తా."

"మరి వీడు మనోడే అని వాటికి ఎవ్వలు చెప్పరా?"

మా ల్యాబ్‌లో మేము ఆ యాంటీబాడీలను కనిపెట్టగలం, కొలవగలం. ఆగమని చెప్పలేం. డాక్టర్లు ఇచ్చిన మందులు నొప్పిని కొంత తగ్గించాయి గానీ ఒరిగిన వేళ్లను నిలబెట్టలేదు. "గింత సదివినవ్ గని, పాపం నువ్వేం జేస్తవ్ బిడ్డా" అని ఆమే నన్ను ఓదార్చేది. తిట్టినా బాగుండేది. ఆఖరికి అదే జబ్బు ఊపిరితిత్తులకు పాకింది. పోయే ముందురోజు దవాఖానలో ఆమె ఎగశ్వాస తీస్తుంటే, ఆ రోగం పేరు, తీరు అన్నీ తెలిసిన నాకు పక్కన కూర్చుని చేయి పట్టుకోవడం తప్ప ఏమీ చేతకాలేదు. నొప్పి పుడుతుందేమోనని అదీ వదులుగానే పట్టుకున్నాను.

ముత్తైదువగా పోయింది కాబట్టి స్నానం చేయించి, పసుపు రాసి, కొత్త గాజులు వేయాలన్నారు పెద్దవాళ్లు. ఉబ్బిన కణుపులు దాటి గాజు ఎక్కలేదు. అత్త కోడలు ఆ చేతికి సబ్బు రాసి, కొంచెం బలంగా నెట్టింది. గోడకానుకుని కూర్చున్న మామ ఉలిక్కిపడి లేచాడు.

"జర పైలం బిడ్డా, దానికి నొస్తది."

కోడలు నెట్టడం ఆపింది. ఆ చేతిని తన ఒడిలోకి తీసుకుని, ఒక్కొక్క వేలే నిమురుతూ, గాజును మళ్లీ మొదటినుంచి మెల్లగా ఎక్కించసాగింది.