సీలు కొట్టిన ఈమెయిలు

సండూరు రోడ్డు మీద మనుషుల కంటే ఖనిజం లారీలే ఎక్కువ తిరుగుతాండే కాలం అది. నేనొక లారీ ఆఫీసులో కంప్యూటర్ ముందర కూర్చుంటాంటి. ఓనరన్నకు వెబ్‌సైటు కావల్లని ఒకటే పట్టు. చేసిస్తి. లారీ కావల్సినోళ్ళు వివరాలు రాసేదానికి దాంట్లో ఒక ఫారం. రాసింది ఆయన ఈమెయిలుకు రావల్ల.

రాలా. పది దినాలైనా ఒక్కటీ రాలా.

"ఏందమ్మా ఇది? బేస్తవారం లోపల ఒక్క జాబన్నా రాకుంటే సైటు మూసేస్తా. నువ్వూ ఇంటికి పోదువుగాని" అనె ఆయన. ఇంటికి పోవడమంటే హగరి ఏటి కాడ మా మిరపచేన్లో కాయలు కోసేదే. ఆ ఘాటు నాకు పడదు సామీ!

మా సైటులో పేజీలన్నీ ముందే తయారుచేసి పెట్టినవి. జాబులందుకునే ప్రోగ్రాము ఆడ లేదు. ఆ పనికి బయటి సర్వీసొకటి పెట్టింటి. ఫారం నేనే ఇరవై తూర్లు నింపితి. "మీ జాబు అందింది" అంటాది. యాడ అందిందో ఆ దేవునికే ఎరుక.

బేస్తవారం పొద్దున ఓనరన్న మెయిలు తెరిచేది, మూసేది. నేను సర్వీసోళ్ళ నియమాలు మళ్ళా చదివితి. అప్పుడు తెలిసె. మొదట వాళ్ళొక మెయిలు పంపిస్తారంట. దాంట్లో లింకు నొక్కి ఫారం మాదేనని ఒప్పుకోవల్లంట. అంతవరకు జాబులన్నీ వాళ్ళ కాడే ఆగింటాయి.

"అన్నా, ఒప్పుకోమని మెయిలేమన్నా వచ్చిండెనా?"

"వచ్చిండె కదమ్మా! ఆ పొద్దే ఒప్పేసుకుంటి." బీరువాలోంచి ఫైలు తీసె. ఆ మెయిలు ప్రింటు, మూడు కాపీలు! ప్రతి కాపీ కింద సంతకం, ఆఫీసు సీలు. గనుల పర్మిట్లతో ఆయన చెయ్యి అట్ల అలవాటు పడిపోయిండె.

"థూ, నా కర్మ! మౌసుతో నొక్కల్లన్నా!" అని అరిస్తి. నొక్కె.

బొలబొలా జాబులొచ్చి పడె. అన్నీ నేను పంపిన టెస్టులే, ఒక్కటి తప్ప. అది ముందు దినం సాయంత్రంది: "తోరణగల్లుకు రెండు లారీలు అర్జెంటు. ఫారం శానా బాగుండాది. చేసిన పిల్లను ఇంటికి పంపించొద్దండప్పా."

నేను ఇంటికి పోయే సంగతి ఈ పార్టీకి ఎట్ల తెలుసబ్బా? కింద ఉండే నెంబరుకు ఫోన్ చేస్తి. ఓనరన్న జోబులో రెండో ఫోను మోగె.

నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చె. ఆయన జోబు మీద చెయ్యి అదిమిపెట్టుకోని, "పార్టీ బిజీగా ఉండాడేమో, పెట్టేయమ్మా" అనె.