గోడ మీద కోట

అళగర్‌సామి దేవుళ్ళ బొమ్మలు రాయలేదు, దొరల ముఖాలూ రాయలేదు. ఊళ్ళు రాసేవాడు. మదుర చుట్టుపక్కల మన తెలుగువాళ్ళ నల్లరేగడి పల్లెల్లో కోడలు కాపురానికి వస్తే, ఆమె పుట్టిన ఊరిని అత్తింటి గోడ మీద రాయించేవారు. కొండ, వాగు, దిగుడుబావి, బండ్ల బాట. గోడకు సున్నం పూసి, తడి ఆరకముందే రంగు వేయాలి. ఆరితే రంగు గోడలో కలిసిపోతుంది. తుడిస్తే పోదు, చెక్కాల్సిందే.

పాలెగాళ్ళ పోరు ముగిసిన మరుసటి ఏడు, ఊరి పెత్తనం చేసే మణియం అప్పసామి కబురుపెట్టాడు. అతని కొత్త కోడలు కుప్పమ్మాళ్ ఊళ్ళో కోటను కుంపిణీ సిపాయిలు కూల్చి, ఆ నేల దున్నించారు. అళగర్‌సామి నడిచి వెళ్ళి ఆ దున్నిన నేల చూశాడు. తిరిగొచ్చి, అది కూలకముందు తను చూసిన కోటనే బురుజుతో సహా రాశాడు.

మూడోనాడు పొద్దున కచేరి బంట్రోతు వాకిట్లో ఆగి గోడ చూశాడు.

"దొరలు పడగొట్టినదాన్ని మీరు నిలబెట్టినారా? సందెకు వస్తా. ఇది ఉంటే మణియం ఉండదు."

అతను వెళ్ళగానే అప్పసామి చేతులు నలుపుకున్నాడు. "అన్నా, ఆ కోట్టె ఒక్కటీ తీసేయ్. కొండ ఉండనీ."

"తీసేదానికి అదేమన్నా నీ మీసమా?"

"కోపం చేయకప్పా. నా మణియం పోతాది."

"దానికోసం ఈ కోడలిపాప ఊరు రెండోమాటు కూలాల్నా? ఇదో ఉలి. నువ్వే కొట్టు. సిపాయిల పనే కదా, నేర్చుకో!"

అప్పసామి నిజంగానే ఉలి అందుకున్నాడు. కోట రాలిపోయింది. దాని ఆకారంలోనే, బురుజుతో సహా, ఎర్రటి ఇటుక బయటపడింది.

"చాలు. ఇంక సున్నం పెట్టి రెండు చెట్లు రాయి," అన్నాడు అప్పసామి.

"అక్కడ చెట్లు లేవు. నేను రాయను." తొట్టిలో మిగిలిన సున్నాన్ని అళగర్‌సామి వాకిట్లో కుమ్మరించాడు. వెళ్ళిపోక, అరుగు మీదే కూర్చున్నాడు.

సందెకు బంట్రోతు వచ్చి ఆ ఎర్రటి గుంటకేసి వేలు చూపాడు. "ఇదేంది?"

కుప్పమ్మాళ్ గడప దాటి వచ్చింది.

"మా ఊరు సామీ. మీరు చేసినట్లే ఉండాది. ఇంకా ఏం చెక్కాల?"

బంట్రోతు గొణుక్కుంటూ వెళ్ళాడు. ఆ గుంటను ఎవరూ పూడ్చలేదు. ఆ ఏడాది మాత్రం కచేరికి జడిసి ఏ మణియమూ అళగర్‌సామిని గడప తొక్కనివ్వలేదు. అతను ఉడుమలైపేట వైపు పోయి, అడిగినవాళ్ళ ఇళ్ళకు సున్నం కొట్టాడు. చెట్లు మాత్రం రాయలేదు.