చుక్కమందు గిన్నె

మూడేళ్ళపాటు నేను ఒకే వస్తువు మీద పనిచేశాను. కంట్లో చుక్కల మందు వేసే యంత్రం. శుక్లాల ఆపరేషన్ అయినవాళ్ళు వారాల తరబడి రోజుకు నాలుగైదు సార్లు ఆ మందు వేసుకోవాలి. పక్కన వేసేవాళ్ళు లేకపోతే చుక్క రెప్ప మీద పడుతుంది, బుగ్గ మీద పడుతుంది, చెవిలోకి కూడా కారుతుంది. చేయి వణికి సీసా మూతి కంటికి తగిలిందంటే అదో కొత్త బాధ. ఆపరేషనేమో నిమిషాల్లో అయిపోతోంది, ఆ తరవాత వెయ్యాల్సిన ఒక్క చుక్క దగ్గర మనుషులు ఇంత అవస్థ పడుతున్నారేమిటన్న ఆలోచన నన్ను పట్టుకుంది.

నేను యానాం నుంచి చదువుకోవడానికి పుదుచ్చేరి వచ్చి ఇక్కడే ఉండిపోయినవాణ్ణి. ఊళ్ళోనే సారం అనే పేటలో కాపురం, ఒక ఇంజనీరింగ్ కాలేజీలో వైద్య పరికరాల విభాగంలో ఉద్యోగం. నా యంత్రాన్ని కళ్ళజోడులా పెట్టుకుని వెల్లకిలా పడుకోవాలి. పైన మందు సీసా, దాన్ని నొక్కే చిన్న మోటారు, రెప్ప తెరిచి ఉందో లేదో కనిపెట్టే సెన్సర్, సీసా మూతి పక్కనే ఒక ఆకుపచ్చ దీపం. రోగి ఆ దీపాన్నే చూస్తూ ఉంటే చుక్క సూటిగా కంట్లో పడాలి. అలా పడాలని నా లెక్క.

గీసింది నేనే అయినా ఆ భాగాలన్నీ చేసిపెట్టింది మా ల్యాబ్ టెక్నీషియన్. ఆమె నాకంటే ఐదారేళ్ళు చిన్నది. ఐటీఐ చదివింది. తండ్రి ఎప్పుడో మూతపడిన బట్టల మిల్లులో పనిచేసినాయన. మూడు తరాలుగా వాళ్ళు ఈ ఊరివాళ్ళే. ఇంట్లో తెలుగే మాట్లాడుకుంటారు గానీ ఆమెకు తెలుగు అక్షరాలు రావు. ఉద్యోగంలో చేరిన రోజే నా మాట విని, "మీది యాడ సార్, యానామా? మీ తెలుగు సినిమాలో మాదిరి ఉండాది" అంది. నవ్వుకున్నాను. ఆమె చేతిపని మీద నాకు గౌరవం ఉండేది. గీసినదాన్ని గీసినట్టు చేసే మనిషి మీద ఉండే గౌరవం అది. గీయడం ఆమెకు వస్తుందేమోనన్న ఆలోచనే నాకు రాలేదు.

కదిర్కామం వైపు చిన్న కంటి ఆసుపత్రి నడిపే డాక్టరమ్మ ఒకావిడ మాకు సాయపడేది. ఆవిడ ఏంబలం అనే పల్లెలో శిబిరం పెట్టి, ఆపరేషన్ అయి చాలాకాలమైన పెద్దవాళ్ళను పోగుచేసింది. అవసరమైన అనుమతులన్నీ తీసుకుని, కళ్ళు పొడిబారకుండా వేసే మామూలు చుక్కలతో మా యంత్రాన్ని పరీక్షించాం. చాపల మీద వరసగా పడుకోబెట్టాం. ఇద్దరికి తప్ప ఎవరికీ కంట్లో పడలేదు. సరిగ్గా చుక్క రాలే క్షణంలో రెప్పలు టక్కున మూసుకునేవి.

నేను చెమటలు కక్కుతూ సెన్సర్ సరిచేసుకుంటుంటే, టెక్నీషియన్ ఒక ముసలావిడ పక్కన చాప మీద చతికిలబడి కబుర్లలో పడింది. ఆ అవ్వది కూడా తెలుగు ఇల్లే.

"ఏంది అవ్వా, కండ్లు మూసేస్తా ఉండావు?"

"మూయకుండా ఎట్ల? ఆ పచ్చది నన్నే చూస్తా ఉండాది. దాని పక్క నుంచి నీళ్ళు మీద పడేదానికి వస్తా ఉండాది. భయం గాదా?"

తిరుగు ప్రయాణంలో వ్యాన్‌లో ఆమె నాతో అంది: "సార్, మీదికి వచ్చేది కనిపిస్తే ఎవురైనా కండ్లు మూస్తారు గదా."

"సెన్సర్ వేగం పెంచాలమ్మా," అన్నాను. నిజానికి ఆమె మాట నాకు సరిగా వినబడను కూడా లేదు.

పదిరోజుల తరవాత ఆమె నా బల్ల మీద నారింజ రంగు ప్లాస్టిక్ వస్తువు ఒకటి పెట్టింది. ఇడ్లీ గుంట అంత గిన్నె, బోర్లించినట్టు. అంచు కంటి చుట్టూ ఎముక మీద కుదురుగా కూర్చునేలా వంపు తిరిగి ఉంది. బుగ్గ వైపు సీసా పట్టే రంధ్రం, సీసా అంతకుమించి లోపలికి దిగకుండా అడ్డు. నుదుటి వైపు ధనియం గింజంత కిటికీ. అంతే. మోటారు లేదు, బ్యాటరీ లేదు.

"లోపల అంతా చీకటి గదా సార్. కన్ను వెలుతురు కోసరం పైకే చూస్తాది. అట్ల చూసినప్పుడు కింద బుగ్గ పక్క నుంచి చుక్క వేస్తే వచ్చేది కనిపించదు."

ఆ వస్తువును చేతిలోకి తీసుకున్న మరుక్షణమే నాకు అర్థమైపోయింది. అర్థం కానట్టు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాను. ఈ ప్లాస్టిక్ వేడినీళ్ళకు తట్టుకుంటుందా అని అడిగాను. అంచు చర్మాన్ని ఒరుసుకుంటే ఏం చేస్తావన్నాను. ఎథిక్స్ కమిటీ అనుమతి లేకుండా మనుషుల మీద వాడకూడదన్నాను. అన్నీ అడగాల్సిన ప్రశ్నలే. జవాబు కోసం మాత్రం ఒక్కటీ అడగలేదు. ఆమె ముఖంలో వెలుగు తగ్గేదాకా అడిగి, "చూద్దాంలేమ్మా" అని సొరుగులో పడేశాను.

ఆదివారం మధ్యాహ్నం ఆ గిన్నెను ఇంటికి తెచ్చుకున్నాను. గది తలుపు దగ్గరికి వేసి, నేల మీద పడుకుని, సీసా బిగించి కంటి మీద పెట్టుకున్నాను. చీకట్లో ఒక చిన్న వెలుగు. అటు చూశాను. చల్లగా చుక్క పడింది. రెండో కంట్లో వేసుకున్నాను, పడింది. ఎడమ చేత్తో, కావాలని చేయి వణికిస్తూ వేసుకున్నాను. పడింది.

మా ఆవిడ తలుపు తోసుకుని వచ్చి, చెంపల మీద కారుతున్న తడి చూసి, "ఏడుస్తున్నారా ఏంటండీ?" అంది.

"మందు," అన్నాను.

ఆవిడ వెళ్ళాక అక్కడే పడుకుని ఉండిపోయాను. నాకు వచ్చింది బాధ కాదు, కోపం. టెక్నీషియన్ మీద కోపం. నేను మూడేళ్ళు విదేశీ పత్రికలు చదివి, రెప్ప ఎంతసేపట్లో మూసుకుంటుందో లెక్కలు కట్టి, రెప్పతో పరుగుపందెం వేసుకున్నాను. ఈమె అవ్వ పక్కన కూర్చుని ఒక్క ప్రశ్న అడిగింది. అవ్వ తెలుగు నాకూ వచ్చు, నేను అడిగి ఉండొచ్చు. అడగలేదన్న సంగతి కంటే ఆమె అడిగిందన్న సంగతే నన్ను ఎక్కువ కాల్చింది.

ఆ తరవాత నేను చేసింది చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. నా యంత్రంలో ఆకుపచ్చ దీపాన్ని సీసా పక్క నుంచి తీసి, నుదుటి వైపుకు జరిపి కొత్త డ్రాయింగ్ గీశాను. దాన్ని చేసిపెట్టమని ఆమెకే ఇచ్చాను. ఆమె కాగితంలో దీపం ఉన్నచోట వేలు పెట్టింది.

"లైటు పైకి పెట్టినారే సార్?"

"చాన్నాళ్ళుగా అనుకుంటున్నదే."

"సరి సార్," అని త్రీడీ ప్రింటర్ వైపు తిరిగింది. సాయంత్రానికి భాగం తయారైంది. ఎప్పటిలాగే వెంట్రుకవాసి తేడా లేకుండా చేసింది. కాస్త వంకరగా చేసి ఉంటే నాకు హాయిగా ఉండేది.

నెల తిరక్కుండానే డాక్టరమ్మ ఫోన్ చేసి రమ్మంది. స్కూటర్ మీద కదిర్కామం వెళ్ళాను. ఆవిడ బల్ల మీద నారింజ రంగు గిన్నె ఉంది. ఏంబలం అవ్వకు రెండో కంటికి ఆపరేషన్ చేశారట. మందు ఎలా వేసుకోవాలో నర్సు చెప్పబోతే, అవ్వ సంచిలోంచి గిన్నె తీసి, నాకు ఇది ఉండాది అందట. మా టెక్నీషియన్ మరొకటి చేసి అవ్వకు ఇచ్చిందన్నమాట.

నాకు ముందుగా తట్టింది, అనుమతి లేకుండా రోగికి పరికరం ఇచ్చిందని కాలేజీకి రాయొచ్చని. అంతదాకా వెళ్ళింది నా బుద్ధి.

"మూడేళ్ళ కష్టం," అంది డాక్టరమ్మ తమిళంలో, గిన్నెను తిప్పి చూస్తూ. "చివరికి ఎంత సులువుగా తేల్చారండీ! దీన్ని శుభ్రంగా, పద్ధతిగా పరీక్షిద్దాం. మీ ల్యాబ్‌దే కదా?"

"మా ల్యాబ్‌లో చేసిందేనండి," అన్నాను.

ఆ మాటలో అబద్ధం ఎక్కడా లేదు. దారిపొడుగునా నాకు నేను అదే చెప్పుకుంటూ ఇంటికి వచ్చాను.

కాలేజీ పేటెంటుకు దరఖాస్తు చేద్దామంది. కాగితాలు నేనే నింపాను. కనిపెట్టినవారు అన్నచోట మొదట నా పేరు, కింద ఆమె పేరు. సంతకానికి ల్యాబ్‌కు తీసుకెళ్ళాను. ఆమె చేతులు తుడుచుకుని, ఇంగ్లీషు ఒక్కొక్క మాటే కూడబలుక్కుంటూ చదివింది.

"మొదటి పేరు మీదా సార్?"

"పద్ధతమ్మా. విభాగంలో పెద్దవాళ్ళ పేరు ముందు ఉంటుంది."

"సరి." వేలు పక్క గడి మీదికి జరిగింది. అక్కడ ఎవరెవరు ఏ పని చేశారో రాయాలి. ఆమె పేరు పక్కన నేను రాసి ఉంచాను. నా పేరు పక్కన ఖాళీ. "దీన్లో మీరేం చేసినారు సార్?"

నేను పెన్ను మూత తీసి, మళ్ళీ పెట్టాను.

"తప్పుగా అడగలేదు సార్. ఈ గడిలో రాయాల గదా."

ఆమె గొంతులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే కసురుకుని బయటపడేవాణ్ణి. రేపు నింపుతానని కాగితాలు తీసుకుని వచ్చేశాను.

మర్నాడు పొద్దున బీచ్ రోడ్డులో నడవడానికి వెళ్ళి, నడవకుండా గట్టు మీద కూర్చున్నాను. ఒళ్ళో కాగితాలు. 'మార్గదర్శకత్వం' అని రాసి కొట్టేశాను. ఏ మార్గం చూపించాను? 'ప్లాస్టిక్ ఎంపిక' అని రాశాను. ఆ ప్లాస్టిక్ ప్రింటర్‌లో వాడగా మిగిలిపోయిన తీగ చుట్ట, ఆమెకు దొరికింది. అదీ కొట్టేశాను. అంత చిన్న గడి, అందులో పెట్టడానికి నా దగ్గర ఒక్క మాట లేదు. నా పేరు మీద అడ్డంగా గీత గీశాను. గొప్ప మనసుతో గీసింది కాదు. ఆ గడి ఖాళీగా కనిపిస్తుంటే భరించలేక గీశాను.

తరవాత డాక్టరమ్మకు ఫోన్ చేసి, గిన్నె నాది కాదు, మా టెక్నీషియన్‌ది అని చెప్పాను. చెప్పినందుకు ఆవిడ ఒక్క మంచి మాట అంటుందని ఎదురుచూశాను, అదీ నిజమే. ఆవిడ మాత్రం, "అయితే ఆ అమ్మాయిని తీసుకురండి, అంచు గురించి మాట్లాడాలి" అని పెట్టేసింది.

కొత్త కాగితాలు టెక్నీషియన్ మొదటి నుంచి చివరిదాకా చదివింది. సంతకం పెట్టి, "లైటు పైకి పెట్టిన రోజే నాకు రొంబ ఏడుపొచ్చింది సార్" అంది. నేను క్షమించమన్నాను. ఆ మాట అనేటప్పుడు 'నువ్వు' అని నోరు తిరగలేదు, 'మీరు' అన్నాను. ఇప్పటిదాకా అలాగే పిలుస్తున్నాను.

పరీక్షలు ఏడాది పైనే పట్టాయి. గిన్నెను ఎన్నిసార్లు నీళ్ళలో మరిగించవచ్చు, సీసా మూతికీ కంటికీ ఎంత దూరం ఉంటోంది, ఇవన్నీ కొలిచిపెట్టే పని నేను తీసుకున్నాను. నివేదికలో కొలిచినవాడిగా నా పేరు ఉంది. నా యంత్రం బీరువాలో ఉంది. ఇప్పుడు గిన్నె డాక్టరమ్మ ఆసుపత్రిలోనూ, మరి రెండు మూడు చోట్లా వాడుతున్నారు. కాలేజీలో ఆమెకు శాలువా కప్పిన రోజున నేను రెండో వరసలో కూర్చుని అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాను. చప్పట్ల మధ్య పక్కాయన, "మీ దగ్గర పనిచేసిన ఆవిడే కదండీ?" అన్నాడు. అవునంటూ నవ్విన నవ్వు ఇంటికి వెళ్ళేదాకా దవడల్లో నొప్పిగా మిగిలింది.

ఈమధ్య ఒక కొత్త రకం మందు సీసా వచ్చింది. మెడ కాస్త పొడవు. ఊరికే కొలిచి చూస్తే, గిన్నెలో పెట్టినప్పుడు దాని మూతి కంటికి మరీ దగ్గరగా వస్తోంది. అది కనబడగానే నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. ఒక రోజంతా ఆ సంగతి ఎవరికీ చెప్పకుండా లోలోపల చప్పరించాను. మర్నాడు ఎవరి కంటికైనా తగిలితే అన్న భయం పుట్టి, ఇప్పుడు ఆమెకు విడిగా ఉన్న గదికి వెళ్ళి చూపించాను.

"అయ్యో, నాకు తట్టనే లేదు సార్! మంచిపని చేసినారు," అంది నిజంగా కంగారుపడి.

"లోపల ఒక రింగు వేస్తే సరిపోతుందండీ," అన్నాను. దారిలోనే ఆలోచించి పెట్టుకున్నాను.

ఆమె సీసాను గిన్నెలో పెట్టింది, తీసింది, మళ్ళీ పెట్టింది. "రింగంటే ఇంకో సామాను అవుతాది సార్. ముసలోళ్ళు యాడైనా పారేసుకుంటారు. ఈ అడ్డునే కొంచెం ఎత్తు చేస్తే?"

అదే సరైనది. వినగానే ఛాతీలో పాత మంట భగ్గుమంది, ఏమాత్రం చల్లారకుండా.

"అది ఇంకా బాగుందండీ," అన్నాను. "ఎంత ఎత్తు కావాలో కొలుస్తాను, ఇలా ఇవ్వండి."