వెల్డా ఏరుకున్న చప్పుడు

మొగుడు రోస్కో వెల్డాను వదిలి వెళ్లిన రోజున ట్రక్కూ, రెండు వేటకుక్కలూ, బీరువాలోని తుపాకులన్నీ పట్టుకుపోయాడు. స్టార్టవని మోటారుసైకిల్ ఒక్కటి ఉంచి, "తోడుగా ఉంటుందిలే" అన్నాడు. కెంటకీ కొండ మీద అదొక్కటే ఇల్లు. బండి లేకపోతే ఊళ్లోకి దారి లేదు. అరవై ఏళ్ల వెల్డా కార్బ్యురేటర్‌ను వంటింటి సింకులో కడిగి బండిని బతికించింది. వారం మధ్యలో ఖాళీగా ఉండే చర్చి ఆవరణలో గుండ్రంగా తిప్పుతూ నేర్చుకుంది. ఒకరోజు రోడ్డు మీద ఎదురొచ్చిన మోటారుసైకిల్‌వాడు తమవాళ్ల రివాజు ప్రకారం పలకరింపుగా రెండు వేళ్లు చూపించాడు. మర్యాద తప్పకూడదని వెల్డా క్లచ్ వదిలేసి తనూ చూపించింది. బండి ఆగి ఆమె మీద పడింది. కింద పడి కూడా వేళ్లు దించలేదు.

తుపాకుల కొట్టు నడిపే డ్వేన్ గులాబీరంగు పిస్తోలు తీసి, "ఆడవాళ్లకు ఇదే బాగుంటుందమ్మగారూ" అన్నాడు. "కేకు మీద పెట్టుకో నాయనా" అని, ఆమె పొడవాటి తుపాకులు ఒక్కొక్కటే అందుకుంది. కళ్లు మూసుకుని, కింది పిడి వెనక్కి లాగి ముందుకు తోసి, పుచ్చకాయ తట్టి చూసినట్టు చప్పుడు విని ఒకటి ఏరుకుంది. అక్టోబరులో రోస్కో బండి కోసం వచ్చాడు. "తాళం ఇలా ఇయ్యి. ఈ వయసులో నీకెందుకే, ఎముకలు ఏరుకోడానికా?" వెల్డా లోపలికి వెళ్లింది. తలుపు వెనక ఆ తుపాకీ 'చకచక్' మంది. రోస్కో ట్రక్కు తిప్పుకోకుండానే, వెనక్కి నడుపుకుంటూ కొండ దిగాడు. మొన్న ఊళ్లో పెట్రోలు బంకులో వెల్డా కనిపిస్తే, ఆ రోజు ఏ తూటాలు వేశారని అడిగాను. కొత్త హెల్మెట్ పట్టీ బిగించుకుంటూ అంది: "తూటాలింకా కొనలేదబ్బాయ్. ముందు ఇది కొన్నాను."