ఆముదం రాసిన జర్మన్ బూట్లు

మా చిన్నప్పుడు కొత్త బూట్లు ఇంటికి రాగానే కాళ్ళకి తొడిగేవారు కాదు... ముందు వాటికి ఆముదం పట్టించేవారు.

నాకు ఎనిమిదేళ్ళు. బడిలో జెండా పండుగకి కవాతులో ముందు వరస నాది. అంగట్లో నా కళ్ళన్నీ తళతళలాడే ఎర్ర బూట్ల మీదే. అమ్మ కింద కూర్చుని, నా మడమకీ బూటుకీ మధ్య చిటికెన వేలు దూర్చి చూసింది. దూరలేదు. "ఇవి వద్దు" అంది... అంతే. నల్లవి కొన్నాం. దారిపొడవునా ఏడ్చాను.

ఇంటికి వచ్చాక అమ్మ దూదితో ఆముదం అద్ది, మడమ దగ్గర తోలుని బొటనవేలితో నొక్కి నొక్కి మెత్తబరిచింది. చెప్పులతో తాతయ్యని కూడా గడప దాటనివ్వని మనిషి... ఆ మధ్యాహ్నం వసారాలో గోనెపట్టా పరిచి, "నడువు" అంది. అటూ ఇటూ నడిచాను. కవాతు రోజున నా కాలు ఒక్కచోట కూడా కందలేదు.

ఇదంతా మొన్న అమెరికాలో, నోవై ఊళ్ళో, మా అమ్మాయి సుధ ఇంట్లో గుర్తొచ్చింది.

మనవరాలు నిత్య బడిలో జర్మన్ నేర్చుకుంటోంది. ఏటా శరదృతువులో వాళ్ళ బృందం జర్మన్ల సంప్రదాయ దుస్తుల్లో నాట్యం చేస్తుంది. ఆ దుస్తుల పేరు డిర్న్‌డల్. పొట్టి చేతుల తెల్ల జాకెట్టు, నడుముకి బిగుతైన పైతొడుగు, కుచ్చుల పావడా, దాని మీద ఏప్రన్... చూడగానే మన పరికిణీకి దూరపు చుట్టంలా అనిపించింది.

పోయినేడు ఎవరి బూట్లో అరువు తెచ్చుకుని వేసుకుంది. మడమ ఒరుసుకుపోయి రక్తం కారితే, నాట్యం మధ్యలోనే వచ్చి కూర్చుంది. ఆ మాట ఎత్తితే ఇప్పటికీ మొహం తిప్పుకుంటుంది. ఈసారి చివరిదాకా ఆడాలని దాని పట్టుదల.

"అమ్మా, ఆన్‌లైన్‌లో ఆర్డర్ చేసేస్తే పోదా?" అంది సుధ.

"పాదం ఆన్‌లైన్‌లో లేదుగా! సాయంత్రం వెళ్దాం. పొద్దంతా తిరిగిన పాదం కొంచెం ఉబ్బుతుంది, అప్పుడే సరైన కొలత" అన్నాను.

షాపులో నిత్య పొడుగాటి హీల్స్ పట్టుకుంది. "అమ్మమ్మా, ఇవి సో క్యూట్ కదా!"

"ఎంతసేపు ఆడతావు?"

"టూ అవర్స్."

"అయితే అక్కడ పెట్టేయ్."

"యూ ఆర్ సో స్ట్రిక్ట్!" అని నవ్వుతూనే పెట్టేసింది.

చివరికి దొరికాయి. గోధుమరంగు, పాదం మీద పట్టీ, వెడల్పైన పొట్టి మడమ. పావడా అంచు కింద ముచ్చటగా కనిపించాయి. నేను కింద కూర్చుని చిటికెన వేలు దూర్చాను. సరిపోయింది. కానీ మడమ దగ్గర తోలు మాత్రం గట్టిగా ఉంది.

మర్నాడు నిత్య బడికి వెళ్ళాక, ఇండియన్ షాపులో కొన్న ఆముదం తీసి ఒక బూటుకి పట్టించాను... చూస్తూండగానే రంగు మారిపోయింది. నూగు నూగుగా ఉన్న తోలు కాస్తా ముదురు కాఫీ రంగుకి తిరిగింది. ఎంత తుడిచినా పోలేదు.

"అమ్మా! స్వేడ్ తోలుకి ఎవరైనా ఆయిల్ పెడతారా? రేపే కదా దాని ప్రోగ్రాం!" సుధ తల పట్టుకుంది.

దూది కింద పెట్టేశాను. ఇంట్లో అందరి తప్పులూ దిద్దే దాన్ని కదా...

నిత్య వచ్చింది. రెండు బూట్లనీ పక్కపక్కన పెట్టి చూసింది. నల్లబడినదాన్ని తొడుక్కుని, మడమ ఎత్తి దించింది. తర్వాత రెండోది.

"అమ్మమ్మా, ఇది కరుస్తోంది. నువ్వు ఆయిల్ పెట్టింది కరవట్లేదు."

దూది నా చేతిలో పెట్టింది. "దీనికి కూడా రాయి. మ్యాచ్ అవ్వాలి కదా!"

ఇద్దరం కలిసి రాశాం. గరాజ్ తలుపు దాటి బూట్లు లోపలికి రాకూడదన్నది ఆ ఇంట్లో నేను పెట్టిన నియమమే. ఆ సాయంత్రం నేనే హాల్లో పాత దుప్పటి పరిచి, "నడువు" అన్నాను. గొంతు మాత్రం మా అమ్మదే.

నాట్యం ఆఖరి అడుగు దాకా ఆడింది. ఒక అమ్మాయి వచ్చి, ఆ రంగు బూట్లు ఎక్కడ దొరికాయని అడిగిందట. "మా అమ్మమ్మ చేసింది" అని చెప్పానంది కార్లో, చెమట తుడుచుకుంటూ.

ఇప్పుడు బూట్లు పెట్టెలో గుమ్మం దగ్గరికే వస్తున్నాయి... నప్పకపోతే అదే పెట్టెలో తిరిగి వెళ్తున్నాయి. మన పాదం ముందు కింద కూర్చునే మనిషి అవసరం ఎవరికీ లేకుండా పోయింది.

చిన్నప్పుడు మీ మడమ వెనక చిటికెన వేలు దూర్చి చూసింది ఎవరు? వాళ్ళ గురించి కింద రాయండి... చదువుతాను.