ఆరో పుస్తకం చివరి ముక్క

ఢిల్లీలో సివిల్స్‌కి చదివేవాళ్లుండే కటవారియా సరాయ్‌లో లావు పుస్తకాన్ని ఎవరూ ఉన్నదున్నట్టు చదవరు. జిరాక్స్ షాపులో ఇస్తే భయ్యా దాని వీపు కోసి, మూడు ముక్కలు చేసి, ఒక్కో ముక్కకీ స్పైరల్ బైండింగ్ వేసి ఇస్తాడు. అప్పుడు ఒకే పుస్తకాన్ని ముగ్గురు ఒకేసారి చదువుకోవచ్చు. పాలిటీకీ చరిత్రకీ ఆ గతి పట్టడం మామూలే. నవలలకి కూడా ఆ గతి పట్టించింది మా అక్క ఒక్కతే.

అక్క అంటే తోడబుట్టింది కాదు. కరీంనగర్ వైపు నుంచి సివిల్స్‌కి చదవడానికి వచ్చిన మనిషి, నా రూమ్మేటు. నాకంటే ఐదేళ్లు పెద్ద. ఆమె అటెంప్టులన్నీ ఎప్పుడో అయిపోయాయి. అయినా ఇంటికి పోలేదు. ఒక కోచింగ్ సెంటర్ వాళ్ల ప్రాక్టీసు పేపర్లు దిద్దుతూ ఆ గదిలోనే ఉండిపోయింది. ఊరు చూసి ఐదేళ్లయిందని ఒకసారి అన్నది. ఇంటి నుంచి వీడియో కాల్ వస్తే ఎత్తేది కాదు, నెట్ బాగాలేదని చెప్పి మామూలు కాల్ చేసేది. ఇంట్లోవాళ్లకి ముఖం చూపించడం ఈమెకి ఇష్టం లేదని నాకు తెలుసు. ఏనాటికైనా వెళ్తుందా అని నాలో నేను అనుకునేదాన్ని కానీ, పైకి అడిగేంత ధైర్యం లేదు. రేపు నా గతీ అదే కావచ్చు కదా.

నా ఆఖరి అటెంప్టు ఫలితాలు ఒక మధ్యాహ్నం వచ్చాయి. లిస్టులో నా నంబరు కోసం మూడుసార్లు వెతికాను. లేదు. ఏడుపు రాలేదు. ఆకలి వేసింది. కిందికి దిగి రాజ్మా చావల్ తిని, ఇంకాస్త అన్నం వేయించుకుని మరీ తిని వచ్చాను. అంత అన్నం ఎలా దిగిందో అని ఇప్పటికీ సిగ్గేస్తుంది. అక్క నా ముఖం ఒకసారి చూసింది. మంచం కింద ట్రంకుపెట్టె లాగి మొదటి పుస్తకం మొదటి ముక్క నా ఒళ్లో పడేసింది.

మొత్తం ఆరు పుస్తకాలు, పద్దెనిమిది ముక్కలు. నక్షత్రాల మధ్య ఓడలు తిరుగుతుంటాయి. గ్రహానికో దేవత ఉంటుంది, ఆ దేవతలు పాడైతే బాగుచేసే మెకానిక్కులూ ఉంటారు. ఓడలకి ఇంధనం ఉండదు. నడిపే మనిషి మంత్రం చదివి తన జ్ఞాపకం ఒకటి ఇచ్చేస్తే ఓడ ఒక దుముకు దుముకుతుంది. ఒక పిల్ల యుద్ధంలో ఇంటికి దూరమై, అలాంటి ఓడ నడుపుకుంటూ ఇంటికి తిరిగి వెళ్లాలని చూస్తుంటుంది. కథంతా అదే. మధ్యలో రాజవంశాలు, తిరుగుబాట్లు, మాట్లాడే ఇనుప ఏనుగులు.

అలవాటు ఎక్కడికి పోతుంది? నేను రెండో రోజు నుంచే నోట్సు మొదలుపెట్టాను. రాజవంశాలకి ఫ్లోచార్టు, గ్రహాల పరిపాలనా విభాగాలకి టేబుల్, తిరుగుబాటుకి కారణాలు, పర్యవసానాలు. ఎర్ర పెన్నుతో హెడ్డింగులు కూడా. ఇనుప ఏనుగు చచ్చిపోయే చోట మార్జిన్‌లో ‘ముఖ్యం’ అని రాసుకున్నాను. అక్క ఆ నోట్సు చూసింది. నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు.

“దీన్ని గూడ పరీక్షకు సదువుతున్నవా? ఊకె సదువు,” అంది.

ఊరికే చదవడం ఎలాగో నాకు నిజంగా తెలియలేదు. పెన్ను పక్కన పెట్టేశాక చేతులు ఏం చేయాలో తోచక దుప్పటి అంచు నలుపుతూ కూర్చున్నాను. నాలుగైదు రోజులకి అలవాటైంది. ఇంటి నుంచి అమ్మ ఫోన్ చేసి ఏం చదువుతున్నావే అంటే సైన్సు అన్నాను. ఫలితం సంగతి ముక్తసరిగా చెప్పాను, ఆమె అంతకంటే ముక్తసరిగా విన్నది.

ఆ పుస్తకాల్లో ఏముందని అంతగా అతుక్కుపోయామో తర్వాత చాలాసార్లు ఆలోచించాను. అక్కడ ప్రిలిమ్స్ లేదు. అంతకంటే ముఖ్యం, యంత్రం మొరాయిస్తే మంత్రం ఉంది, మంత్రం వికటిస్తే ఏదో ఒక యంత్రం ఉంది. ఉత్త సైన్సు కథయితే ఇంధనం అయిపోతే అయిపోయినట్టే. ఉత్త మాయల కథయితే శాపం తగిలితే తగిలినట్టే. ఈ రెండూ కలిసిన చోట ఎప్పుడూ రెండో తలుపు ఒకటి ఉంటుంది. తలుపులన్నీ మూసుకుపోయిన వాళ్లకి అంతకంటే ఏం కావాలి? పైగా పేజీలు తరగవు. నేను రెండు నెలలు ఏ బాధా లేకుండా బతికాను. ఏ సంతోషమూ లేదు, అది వేరే సంగతి.

ఆరో పుస్తకం దాకా వచ్చాక ఒకటి గమనించాను. పదిహేడు ముక్కలూ నలిగి, టీ మరకలతో, స్పైరల్ వంకర్లు పోయి ఉన్నాయి. అక్క వాటిని ఎన్నిసార్లు చదివిందో లెక్క లేదు. చివరి ముక్క మాత్రం షాపులోంచి వచ్చినప్పటి బిగువుతోనే ఉంది. ఒక్క పేజీ కూడా తిప్పినట్టు లేదు. ఇది చదవలేదా అని అడిగితే, చదివితే అయిపోతది గద అంది. నన్ను మాత్రం చదవమంది, తనకు చెప్పొద్దంది. అది కాకుండా ఇంకో షరతు పెట్టింది. అంతకుముందు నేను రాసిన క్లర్కు ఉద్యోగం పరీక్షలో పాసయ్యాను, సర్టిఫికెట్లు చూపించడానికి రమ్మన్న కాగితం సొరుగులో పడి ఉంది. వెళ్లి వస్తేనే ఆ ముక్క ఇస్తానంది. నేను వెళ్లింది ఉద్యోగం కోసం కాదు, ఆ ముక్క కోసం.

పిల్ల చివరికి ఇంటికి చేరుతుంది. కానీ ఆఖరి దుముక్కి ఆమె దగ్గర మిగిలింది ఇంటి జ్ఞాపకం ఒక్కటే. అదీ ఇచ్చేస్తుంది. గుమ్మం ముందు ఓడ దిగి, ఇది ఎవరి ఇల్లండీ అని అడుగుతుంది. చదివి మూసేశాను. అప్పుడూ ఏడుపు రాలేదు.

ఉద్యోగం వచ్చింది. నేను ఢిల్లీ పక్కనే ఉన్న వైశాలికి మారాను. ఆదివారాలు మెట్రోలో అక్క దగ్గరికి వెళ్లేదాన్ని. పప్పు చేసుకుని తినేవాళ్లం, అందరి గురించీ మాట్లాడుకునేవాళ్లం, చివరి ముక్క గురించి తప్ప. ఏడాదిన్నర అలాగే గడిచింది.

ఒక రోజు ఆఫీసులో లంచ్ టైముకి ఫోన్ చేసింది. తిన్నావా అంది. తర్వాత అడిగింది.

“గా పిల్ల ఇంటికి పోయిందా లేదా? గదొక్కటి చెప్పు.”

ఆమె అడుగుతున్నది పుస్తకం గురించి కాదని నాకు అర్థమైంది. టిఫిన్ డబ్బా మూత పట్టుకుని నిలబడ్డాను. పోలేదంటే ఈమె ఆ గదిలోనే ముసలిదైపోతుంది. మొత్తం చెబితే ఏమవుతుందో తెలియదు.

“చేరిందక్కా,” అన్నాను.

అచ్ఛా అని పెట్టేసింది. పది రోజుల్లో గది ఖాళీ చేసింది. పదిహేడు ముక్కలూ పక్కగది అమ్మాయిలకి ఇచ్చేసి, చివరిదొక్కటి బ్యాగులో పెట్టుకుంది. రైలు కదిలేటప్పుడు దాన్ని లాక్కోవాలనిపించింది. లాక్కోలేదు. చెయ్యి ఊపాను.

మర్నాడు సాయంత్రం పెద్దపల్లి స్టేషను నుంచే అక్క ఫోన్ వచ్చింది. చివరి ముక్క రైల్లోనే చదివేశానంది. తిడుతుందని చూశాను. తిట్టలేదు. మామూలు గొంతుతోనే చెప్పింది.

“మా చెల్లె స్టేషనుకు వచ్చింది. ముందట నిలవడి అక్కా అన్నది. నేను గుర్తువట్టలే.”

అక్క ఆఖరిసారి ఊరెళ్లినప్పటికి ఆ చెల్లి ఎనిమిదో తరగతి. పుస్తకం సంగతి ముందే చెప్పి ఉంటే ఈమె కాస్త సిద్ధపడి దిగేదేమో. లేదా అసలు రైలే ఎక్కేది కాదు. ఏది మేలో అప్పుడు తెలియలేదు, ఇప్పుడూ తెలియదు. చాలా రోజుల తర్వాత నాకు ఏడుపొచ్చింది. అక్కకి వినపడకుండా ఫోను దూరంగా పట్టుకున్నాను. కాసేపటికి తేరుకుని, చెల్లి ఏమంటోంది అని అడిగాను.

“ఏమంటది? బ్యాగు నేను వట్టుకుంట, ఇటియ్యి అంటంది,” అంది అక్క.

ఇచ్చావా అని అడిగాను. ఇంకా లేదంది. ఇవ్వక్కా అన్నాను.